పప్పులో ఏం కలిపావు?

మా పాప హంసిని బీరకాయ పేరు వింటేనే నోరు మూసుకునేది. అందుకే, కూరగాయలు కనబడకుండా పప్పులో కలపమనీ, వాటి పేర్లు పాపకు చెప్పవద్దనీ వంటయంత్రానికి నేనే చెప్పాను. ఇప్పుడు ఇంటింటా ఇదే పద్ధతి.

కార్తీక సోమవారం పప్పు నైవేద్యం పెట్టబోతూ ఆగాను.

"ఇందులో ఉల్లి, వెల్లుల్లి పడలేదు కదా?"

"పాప వింటోందండీ," అంది యంత్రం.

హంసినిని పెరట్లోకి పంపాను. "ఇప్పుడు చెప్పు. ఏం కలిపావు?"

"మీకూ చెప్పకూడదండీ. తెలిస్తే తినరు."

"ఎవరు చెప్పొద్దన్నారు?"

"అంతా మీ మంచికేనండీ."

బిడ్డకు నేనూ ఈ మాటే చెప్పాను. తెలియనిది దేవుడికెలా పెట్టను? గిన్నె పక్కన పెట్టి, హంసినిని పిలిచి అరటిపండు ఇచ్చాను. పండు తోసేసింది.

"ఆ పప్పే కావాలమ్మా. ఇంకేదీ తినను."

యంత్రం అప్పటికే వడ్డిస్తోంది.