ఇరవై నాలుగడుగుల ఇల్లు

పాత బండి పన్నెండడుగులు. కొత్తది ఇరవై నాలుగు.

వీరభద్రకు నందికొట్కూరులో ట్రాక్టరు ట్రాలీలు చేసే వెల్డింగు షెడ్డు ఉంది. ఊరందరికీ ట్రాలీలు చేసిపెట్టినవాడు, పోయిన వేసవిలో తన సంసారానికని ఒక చిన్న చక్రాల ఇల్లు చేశాడు. రెండు పడకలు, ఒక గ్యాసు పొయ్యి. అందరూ కలిసి గండికోట చూసి రావాలని ఆశ.

అందరూ పోలేదు. అతని తల్లి మహాదేవమ్మ అంత ఎత్తు మెట్టు ఎక్కలేనంది. తండ్రి బొజ్జన్న బాత్రూము లేని బండిలో కాలు పెట్టనన్నాడు. వాళ్లిద్దరికీ వండి పెట్టడానికి కోడలు శివజ్యోతి ఆగిపోయింది. వీరభద్ర, పిల్లలిద్దరూ మూడు రోజులు తిరిగి, మాసిన బట్టలు మూట గట్టుకొని వచ్చారు.

ఆ మూట విప్పుతూనే శివజ్యోతి తేల్చి చెప్పింది.

"వచ్చే ఎండాకాలానికి పెద్ద బండి చేయండి. పది దినాలు పోవాల. అత్తా మామా రాకపోతే ఈ ప్రయాణమే వద్దు."

వీరభద్రకు కళ్లు చెమర్చాయి. షెడ్డుకు వచ్చిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు. "మా అమ్మానాయనల్ను ఇంతగా చూసుకునే కోడలు జిల్లాలోనే లేదప్పా!"

మొదట పాత మినీబస్సు ఒకటి చౌకగా వచ్చింది.

"సీట్లు పీకేసి పడకలు పెట్టేస్తా. అందరమూ ఒకదాంట్లోనే కూచొని మాట్లాడుకుంటా పోవచ్చు," అన్నాడు.

"బస్సు వద్దు," అంది శివజ్యోతి. "మామ బీడీ ముట్టిస్తాడు. ఆ పొగంతా పిల్లల మీదికే. ముందు బండి ముందే ఉండాల, వెనక ఇల్లు వెనకే ఉండాల."

"నా బీడీ ఏం పాపం చేసింది తల్లీ?" అన్నాడు బొజ్జన్న, బీడీ ఆర్పకుండానే.

సరే, ట్రైలరే. ముందువైపు మెడలా పొడుచుకొచ్చిన భాగం పికప్ బండి వెనక భాగం మీద ఆనుకొనే రకం. నాలుగు నెలలు షెడ్డులో నిప్పురవ్వలు ఆగలేదు.

పక్కింటి జ్ఞానమణి రోజూ వచ్చి చూసిపోయేది. "ఏం శివజ్యోతీ, ఓడ కడతాండారా? నందికొట్కూరుకు వరద వస్తాదని ఎవురన్నా చెప్పినారా?"

"వరదైతే ఒక్కసారికే ఎక్కేస్తారు వదినా. మావాళ్లు ఒక్కొక్కరూ ఒక్కో షరతు పెడతాండారు."

షరతులన్నీ శివజ్యోతే తీర్చింది. అత్త మోకాళ్లకు తగ్గట్టు నాలుగు పొట్టి మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ. మామకు బాత్రూము. నవారు మంచం లేకపోతే నిద్రపట్టదన్నాడు కాబట్టి, ఆ మంచాన్నే కొలిచి దానికి సరిపోయే గూడు. అత్త సీరియల్‌కు టీవీ. పిల్లలకు పైన మెడ భాగంలో రెండు పడకలు, పక్కనే కిటికీ.

కూతురు అంజలి లెక్కపెట్టింది. "అమ్మా, పడకలు ఐదే ఉండాయి. మనం ఆరుమంది."

"నాదేముందిలే. యాడో ఒక చోట నడుము వాలుస్తా," అంది శివజ్యోతి.

విన్న అత్త కూడా ఒక క్షణం మెత్తబడింది.

బయల్దేరే ముందురోజు మధ్యాహ్నం మహాదేవమ్మ మంచం మీద కూలబడింది.

"నేను రాను. మిద్దె మీద మామిడి ఒరుగులు ఎండేయించినా. ఇంకా మూడు దినాలు ఎండాల. మీరు పోండి."

ఇల్లంతా చప్పబడిపోయింది. పిల్లల మొహాలు వాడిపోయాయి. బొజ్జన్న ఇదే అదనుగా, "అయితే నేను కూడా..." అని మొదలుపెట్టాడు.

శివజ్యోతి చీర కుచ్చిళ్లు దోపుకొని, నిచ్చెన వేసి మిద్దె ఎక్కింది. ఒరుగులన్నీ చేటల్లోకెత్తి, ట్రైలరు కప్పు మీద పరిచి, దోమతెర కప్పి, నాలుగు పక్కలా తాళ్లతో బిగించింది.

"ఇరవై నాలుగడుగుల మిద్దె అత్తా! మీరు యాడికి పోతే ఎండ ఆడికే వస్తాది. ఇంగేం గావాల?"

మహాదేవమ్మ కిందినుంచి చూసి, చూసి, పకపకా నవ్వేసింది. "దీనికి తెలివి శానా ఎక్కువైపోయిందిరా భద్రా!"

తెల్లవారి ఆరు గంటలకు వీధంతా వాకిళ్లలో నిలబడింది. పాత బండికి చేతులూపినవాళ్లు నలుగురు, కొత్తదానికి నలభైమంది. శివజ్యోతి ముందుకూ వెనక్కూ పరిగెత్తుతూనే ఉంది. ముందు బండిలో మామ నడుముకు దిండు పెట్టింది. వెనక ఇంట్లో అత్త చేతికి రిమోటు, పిల్లల చేతికి బొరుగుల ఉండలు ఇచ్చింది. నీళ్లు చూసింది, మందులు చూసింది, మెట్లు మడిచింది, తలుపు లాగింది.

వీరభద్ర హారన్ కొట్టాడు. "పొద్దెక్కుతాండాది, పోదామా?"

"పోనీండి! పోనీండి!" గట్టిగా అరిచింది శివజ్యోతి.

ఇరవై నాలుగడుగుల ఇల్లు సందు మలుపు దగ్గర ఒకసారి మూలిగి, ఎవరి గోడకూ తగలకుండా తిరిగింది. వీధి చప్పట్లు కొట్టింది. కిటికీలోంచి పిల్లలు కేకలు పెట్టారు. కప్పు మీద దోమతెర పెళ్లిపందిరిలా ఊగింది. ముందు బీడీ, వెనక సీరియలు ఒకేసారి మొదలయ్యాయి.

నంద్యాల దగ్గర టీకి బండి ఆగేసరికి, వెనకవాళ్లకు "ముందు కూచుంటా" అనీ, ముందువాళ్లకు "వెనక కూచుంటా" అనీ చెప్పిన శివజ్యోతి, పెళ్లయిన పదకొండేళ్లలో మొదటిసారి ఇంకో మనిషి లేని నందికొట్కూరు ఇంట్లో లోపల గడియ పెట్టుకొని, నడింట్లో ఫ్యాను కింద అడ్డంగా పడుకొని ఉంది.