తూనీగ వేసిన రాళ్లు

నేరేడు చెట్టు కోసం ఎర్రచీమలకూ నల్లచీమలకూ ఏళ్లుగా యుద్ధం. ఒకనాడు ఎర్రచీమల రాజు ఒక తూనీగను మచ్చిక చేసుకున్నాడు.

"ఇక యుద్ధమే మారిపోతుంది. తూనీగ పైనుంచి రాళ్లు వేస్తుంది. మనలో ఎవరికీ దెబ్బ తగలదు" అన్నాడు.

తూనీగ పొద్దంతా రాళ్లు వేసింది. చెట్టు మొదట్లో ఉన్న నల్లచీమల పుట్ట కప్పు కూలింది. నల్లచీమలు లోతుకు దిగి దాక్కున్నాయి. చెట్టు మాత్రం చేతికి రాలేదు. పుట్టలోకి ఎవరో ఒకరు నడిచే వెళ్లాలి కదా! రాజు ఎప్పటిలాగే సైన్యాన్ని పంపాడు. అందరికంటే ముందు రవ్వ అనే చీమ లోపలికి వెళ్లింది.

అక్కడ ఒక ముసలి నల్లచీమ రాయి కింద ఇరుక్కున్న గుడ్లను లాగుతోంది. రవ్వను చూసి పారిపోలేదు.

"చంపితే తర్వాత చంపుదువు గానీ, ముందు ఈ రాయి కాస్త పట్టు తల్లీ" అంది.

రవ్వ పట్టింది. తను సాకే గుడ్లూ ఇలాగే తెల్లగా, మెత్తగా ఉంటాయి. రెండూ కలిసి, పగలని గుడ్లను బయటికి మోశాయి.

పైనుంచి తూనీగ అడిగింది. "రాళ్లు సరిగ్గా పడ్డాయా? ఇక్కడినుంచి నాకు చుక్కలు తప్ప ఏమీ కనబడవు."

"దిగి చూడు" అంది రవ్వ.

తూనీగ దిగింది. చాలాసేపు చూసింది. తర్వాత ముసలిచీమ పక్కన వాలి, గుడ్ల మీది దుమ్ము పోయేలా రెక్కలతో మెల్లగా విసిరింది.