పలక మీద రాసిన మాట

చెన్నై తీరానికి దూరంగా, సముద్రంలో ఇరవై మీటర్ల లోతున, ఎవరో వదిలేసిన చేపలవల నందిత వీపు మీది సిలిండరుకు చుట్టుకుంది. కదిలేకొద్దీ బిగుసుకుంటోంది. చేతులు వెనక్కి అందడం లేదు. ఆమె దగ్గరే డైవింగు నేర్చుకున్న తండ్రి వెంకటాచలం పక్కనే ఉన్నాడు. ఆయన సిలిండరులో గాలి తగ్గిపోతోంది.

నందిత, నీళ్లలో రాసుకోడానికి మణికట్టుకు కట్టుకున్న పలక మీద రాసి చూపించింది: "నైనా, నువ్వు పైకి పో."

ఆయన పోలేదు. ఆమె కాలికి కట్టుకున్న కత్తి లాగి, ఒక్కో పోగూ కోశాడు.

పడవెక్కగానే నందిత అరిచింది. "పొమ్మని రాసినా గదా! ఎందుకు పోలా?"

"కళ్లద్దాల్లేవు గదమ్మా. ఏం రాసినావో కనబడలా."

నిరుడు కంటి ఆపరేషను అయినప్పటినుంచి ఆయన పేపరు కూడా అద్దాల్లేకుండానే చదువుతున్నాడు.

ఆయన చేతుల్ని నందిత గట్టిగా పట్టుకుంది.

"సరే నైనా, ఈసారి పెద్దక్షరాలతో రాస్తాలే."