గోరింక చెప్పిన తీర్పు

దేవుడి దయవల్ల అడవి మడుగులో ఇంకా కాసిని నీళ్లు మిగిలిన ఎండాకాలమది. కౌజుపిట్ట గుడ్లు ఎవరో తినేశారు. నేరం ముంగిస మీద పడింది. రుజువైతే అది పిల్లలతో సహా మడుగు విడిచిపోవాలి.

న్యాయాధికారి తాబేలు విచారణ మొదలుపెట్టకముందే గోరింక చెట్టెక్కి, "కుచ్చుతోకదే ఈ పని!" అని మూడు రోజులు అరిచింది.

నాలుగో రోజు తాబేలు అడిగింది. "అమ్మా కౌజూ, మొదట నున్నటి తోక చూశానన్నావుగా?"

"అన్నాను తాతగారూ. కానీ రోజూ వింటూంటే, ఇప్పుడు కళ్లు మూసుకున్నా కుచ్చుతోకే కనపడుతోంది."

తాబేలు నిట్టూర్చి, తొలి మాటనే నమ్మి, ముంగిస తప్పు లేదంది. గోరింకను పిలిచి, "విచారణ తేలకముందే తీర్పు చెప్పడం కోర్టు ధిక్కారం. అదే గొంతుతో నా తీర్పూ చాటు," అంది.

"చిత్తం తాతగారూ," అని గోరింక మళ్లీ చెట్టెక్కింది.

ముంగిస పిల్లల్ని నీళ్లకు తెచ్చింది. పిట్టలన్నీ తమ పిల్లల్ని రెక్కల కింద దాచుకున్నాయి. అది చూసి ముంగిస పిల్లలు తాగకుండానే వెనుదిరిగాయి.

"ముంగిసను వదిలేశారర్రా!" పైనుంచి గోరింక చాటింది. "ఇంతకీ తాబేలు తాత దానికేమవుతాడు?"

పిట్టలన్నీ ఒక్కసారిగా తాబేలు వైపు తిరిగాయి.