మూడో వైరు

ఒక వైరు గోడ ప్లగ్గులోకి వెళ్లింది. రెండోది కంప్యూటర్‌కి కరెంటు ఇచ్చేది. ఆ రెండూ ఫల్గుణకి అర్థమయ్యాయి. ఊరి కంప్యూటర్ నడిపే హేమలత మూడోది తీసి, ఒక కొస నల్లపెట్టెకీ రెండో కొస కంప్యూటర్‌కీ గుచ్చినప్పుడే అతనికి అనుమానం పుట్టింది.

“ఇదేటే గుంటా?”

“యూఎస్‌బీ వైరు మావా. ఈ యూపీఎస్ పెట్టె కబుర్లన్నీ కంప్యూటర్‌కి సెప్తాది.”

“ఏటి కబుర్లు?”

“కరెంటు పోయిందనీ, బ్యాటరీ ఇంక కాసేపే వస్తాదనీ. అప్పుడు కంప్యూటర్ తనంతట తనే పనంతా దాసుకుని పడుకుంటాది. నాను ఇక్కడ లేకపోయినా సరే.”

ఫల్గుణ వంగి వైరు వంక చూశాడు. పాముని చూసినట్టు చూశాడు.

డుంబ్రిగుడ దాటి కొండెక్కితే వాళ్ల ఊరు. కరెంటు స్తంభాలు కొండ కిందే ఆగిపోయాయి. కొండమీంచి పారే గెడ్డ నీళ్లని కాలవలోకి మళ్లించి, గొట్టంలోంచి దూకించి, చిన్న చక్రం తిప్పి, ఊరు తన కరెంటు తనే పుట్టించుకుంటోంది. పగలు నీళ్లు చక్రానికి. రాత్రి వంతులవారీగా మళ్లకి. అది ఊరి కట్టుబాటు. ఆ కాలవకి కాపలా ఫల్గుణ. అతని క్యాబేజీ మడి మాత్రం ఇసక నేల, వంతు నీళ్లు ఇట్టే ఇంకిపోతాయి.

ఈ వేసవిలో ఎవడో కట్టుబాటు తప్పాడు. పట్టపగలే కాలవగట్టుకి గండి పడుతోంది. చక్రం ఆగుతోంది. పని మధ్యలో కంప్యూటర్ ఠపీమని చచ్చిపోతోంది. ఇప్పటికే రెండుసార్లు పాడైంది. ఇంకోసారి చెడితే కొండ కిందకి పట్టుకుపోతామని, దాన్ని ఇచ్చిన సంస్థవాళ్లు తేల్చి చెప్పేశారు. అప్పుడిక పింఛను పనికైనా పిల్లల హాల్‌టికెట్లకైనా కొండ దిగాల్సిందే.

గండి పడ్డ ప్రతిసారీ అందరికంటే ముందు అక్కడుండేది ఫల్గుణే. మోకాళ్లదాకా బురదలో దిగి గట్టు పూడ్చేదీ అతనే. అయినా మెచ్చుకున్నవాడు లేడు. మధ్యాహ్నం చెట్టు నీడన కునుకు తీస్తాడనీ, అందుకే దొంగ దొరకడం లేదనీ ఊరు గొణుక్కుంటోంది.

ఊరిపెద్ద మంగ్లు మొన్న నలుగురిలోనూ అనేశాడు. “దొంగ దొరికితే ఆడికి ఏడాదిపాటు గెడ్డ నీళ్ల వంతు లేదు. దొరక్కపోతే నీకు కాపలా లేదు ఫల్గుణా.”

నీళ్ల వంతు పోతే మడి బీడే. ఆ మాటకి అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ముహూర్తాలు చూసే దిసారిని పిలిచి, బియ్యం గింజలతో సోదె చెప్పించి దొంగ పేరు అడుగుదామన్నారు కొందరు. ఫల్గుణ సరేనన్నాడు. దిసారి ఎరిగినవాడే. ఓ ముంత జీలుగు కల్లుకి మాట మెత్తబడే మనిషి. ఈ పెట్టె అలా కాదు. కల్లు తాగదు. మొహమాటం తెలీదు.

“ఇప్పుడు సూడు,” అని హేమలత గోడ ప్లగ్గు పీకింది.

పెట్టె కీచుమంది. ఫల్గుణ ఒక్క గెంతు వెనక్కి గెంతాడు. కంప్యూటర్ తెర ఆరిపోలేదు. ఓ మూల చిన్న బ్యాటరీ బొమ్మ కనిపించింది.

“దానికి తెలిసిపోయింది మావా.”

“పీకింది నువ్వని కూడా తెలిసిందా?”

హేమలత పకపకా నవ్వింది. “బ్యాటరీ సంగతే గానీ, మనుషుల సంగతి దానికేటి తెలుసు!”

అంత నవ్వెందుకు? డిగ్రీ చదివిన పిల్ల. అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పేసింది. ఆ తిన్నదనమే ఫల్గుణకి మింగుడు పడలేదు. దీని వెనక మంగ్లు ఉన్నాడు. కాపలావాడి మీద కాపలా పెట్టారన్నమాట.

“నాకైతే ఆ కింది మడి ధనరాజు మీదే అనుమానం,” అన్నాడు పైకి.

“నాకు ఎవరి మీదా లేదు మావా,” అంది ఆమె, ప్లగ్గు మళ్లీ పెడుతూ.

మర్నాడు మధ్యాహ్నం అతను కాలవగట్టు మీద పార పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. కింద కంప్యూటర్ గది రేకులు మెరుస్తున్నాయి. ఆ రేకుల కింద పెట్టె. పెట్టెకి ఆ మూడో వైరు. రెప్ప వెయ్యబుద్ధి కాలేదు.

అడ్డాకుల మోపు నెత్తిన పెట్టుకుని వస్తున్న కనక ఆగింది.

“ఏటి మావా, నువ్వు నీళ్లని కాస్తన్నావా, నీళ్లే నిన్ను కాస్తన్నాయా?”

“పోవే. నీ ఆకులు నువ్వు సూసుకో.”

ఇక ఆగలేకపోయాడు. హేమలత అన్నానికి వెళ్లే వేళ చూసి గదిలో దూరాడు. మూడో వైరు లాగేశాడు.

తెరమీద ఇంగ్లీషులో ఏదో ప్రత్యక్షమైంది.

“ఏటి సేత్తన్నావు మావా?” గుమ్మంలో హేమలత.

“ఎలకలు కొరికేత్తాయేమోనని సూత్తన్నాను.”

ఆమె వచ్చి వైరు మళ్లీ గుచ్చింది. “సూడు, వైరు ఊడిందని బేగి సెప్పేసింది.”

“నా పేరు గానీ సెప్పిందా?”

హేమలత ఈసారి నవ్వలేదు. అతని మొహంలోకి ఓ క్షణం చూసింది.

“సెప్పలేదు మావా,” అంది. “ఇంకా.”

ఫల్గుణ మెడ మీది చెమట తుడుచుకుంటూ గట్టెక్కాడు. ఆ రోజునుంచి పొద్దు పొడిచింది మొదలు వాలేదాకా కాలవ దగ్గరే కూర్చున్నాడు. పార ముట్టుకోలేదు. అటుగా వచ్చిన మంగ్లు భుజం తట్టి, “కాపలా అంటే ఇదిరా!” అన్నాడు.

ఆ వేసవిలో మళ్లీ ఒక్క పగలూ కరెంటు పోలేదు, రాత్రిళ్లు వంతు నీళ్లు అందరికీ సమానంగానే పారాయి, అయినా ఊరందరి మళ్లలో పచ్చగా నిలబడ్డ క్యాబేజీ ఒక్క ఫల్గుణ మడిలో మాత్రం మొదలంటా ఎండిపోయింది.