పలక కింద రంగు

"ఇది మా ఆయనది కాదన్నా. ఆయనది నీలం, ఇది ఆకుపచ్చ. ఆ ఒక్క మాట నువ్వు చెప్తే సాలు," రాహేలు నాలుగోసారి అనింది.

ప్రొద్దుటూరులో పాత గిటార్లు బాగుచేసే గఫూర్ దాన్ని వెలుతురుకు తిప్పినాడు. ఎలక్ట్రిక్ గిటారు. యాభై ఏండ్లనాటిది.

"మీ ఆయన యాడుండాడమ్మా?"

"ఇల్లిడిచి పోయి ఇరవైయేండ్లాయ. యాడో ఆర్కెస్ట్రాలో వాయిస్తాంటాడు. వస్తాడు."

"పైన జూసి రంగు చెప్పలేమమ్మా. ఏండ్లకొద్దీ ఎండ తగిలితే పైనుండే వార్నీషు పసుపెక్కుతాది. అప్పుడు నీలం గూడా ఆకుపచ్చగా కనపడతాది. ఈ పలక కింద ఎండ తగలదు. అసలు రంగు ఆడుంటాది."

"విప్పొద్దులే అన్నా."

అప్పటికే గఫూర్ స్క్రూలు తిప్పుతాండాడు. తీగల కిందుండే తెల్ల పలక పైకి లేసింది.

దాని కింద, నిన్ననే పూసినట్టు నీలం.

రాహేలు రెండు అరచేతులూ దాని మీద పెట్టి మూసేసింది.

గఫూర్‌కు అర్థం కాలా. "పోయిన వస్తువు దొరికితే సంతోషపడల్ల గదమ్మా?"

బయట బెంచీ మీద టీ తాగుతాండే రైల్వే కానిస్టేబుల్ లోపలికి తొంగిచూసినాడు.

"ఏమ్మా, మీ ఆయనదేనా? కమలాపురం దగ్గర పట్టాల మీద శవం పక్కన ఇదొక్కటే దొరికింది. మొగం జూసి గుర్తుపట్టేట్టు లేదు."

రాహేలు చేతులు తియ్యలేదు.

"ఆకుపచ్చ సార్," అనింది.