రెండో జామీను

"మీ పేరు ఎవరూ చెప్పలేదయ్యా," అన్నాడు వకీలు, ఎఫ్ఐఆర్ కాగితం బల్ల మీద పరిచి. "మీ అంతట మీరే వెళ్లి ముందస్తు బెయిలు అడిగితే, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంటుంది."

బండాయన భుజాలు తడుముకోలేదు గానీ, చెమట మాత్రం తుడుచుకున్నాడు. నలభై ఏళ్లుగా ఎద్దుబండి మీద బస్తాలు తోలి బతికినవాడు. ఏనాడూ పోలీసు గడప తొక్కలేదు. ఇప్పుడు చూస్తే పశువధ నిషేధం కేసు! డాక్టరు సర్టిఫికెట్ లేకుండా ఎద్దును కోశారు. కోసినవాడితో పాటు అమ్మినవాడికీ జైలే అంటోంది చట్టం. కోసింది చిన్ననాటి స్నేహితుడు, మాంసం కొట్టాయన. అమ్మింది తను.

అమ్మక ఏం చేస్తాడు? పదహారేళ్లు బండి లాగిన ఎద్దు మోకాళ్లు వాచి, కాడి కింద కూలబడుతోంది. ఊరికే కట్టేసి మేపే స్తోమత లేదు. సర్టిఫికెట్ సంగతి తను చూసుకుంటానన్నాడు కొట్టాయన. చూసుకోలేదు. ఇప్పుడు జైల్లో ఉన్నాడు.

బండాయన ఆ కాగితాన్ని మొదట్నుంచీ చదివించుకున్నాడు. పోలీసులు చేరేసరికే కోత అయిపోయిందన్న చోట వకీలును ఆపాడు.

"ఆ ముక్క ఇంకొక్కసారి చదవండి బాబూ."

"ఎన్నిసార్లు చదివినా అదేనయ్యా. ప్రాణాలతో దొరికి ఉంటే కేసు తేలికయ్యేది. మీ ఖర్మ."

ఖర్మే.

తను లోపలికి పోతే ఇంట్లో భార్య గతేమిటి? రెండేళ్లుగా మంచం మీద ఉంది. లేపి కూర్చోబెట్టాలన్నా, నోట్లో మందు పొయ్యాలన్నా తనొక్కడే దిక్కు. పైగా బావమరిది ఒకటే భయపెడుతున్నాడు. రెండు తగిలిస్తే మూగవాడికైనా మాటలొస్తాయి, కొట్టాయన ఎన్నాళ్లు నోరు మూసుకుంటాడు అని. చివరికి వకీలు వద్దన్నా వినకుండా పిటిషన్ వేయించాడు.

బెయిలు వచ్చింది. వారంలోగా ఇద్దరు జామీను పడాలి, లేకపోతే ఆర్డరు చెల్లదన్నారు జడ్జిగారు. బావమరిది ఒకడు ఉన్నాడు. రెండోవాడి కోసం బండాయన వీధి వీధంతా తిరిగాడు. అయ్యో పాపం అనని ఇల్లు లేదు. సంతకం అనేసరికి మాత్రం అందరికీ కళ్లజోళ్లు కనపడకుండా పోయాయి. పశువు కేసులో వేలు పెట్టడమంటే మాటలా!

ఏడో రోజు సాయంత్రం. కోర్టు మూసే వేళవుతోంది. బండాయన వరండాలో గోడకి చేరగిలబడి, ఇంటి దగ్గర మందు వేళ దాటిపోయిందే అనుకుంటూ కూర్చున్నాడు.

ఇంతలో కొట్టాయన భార్య మెట్లెక్కి వచ్చింది. చేతిలో ఇంటిపన్ను రసీదు ఉంది. బండాయన తల దించుకున్నాడు.

"నిన్న జైలుకెళ్లి ఆయన్ని కలిశాను అన్నయ్యా. మీకు జామీను దొరకలేదని చెప్పాను," అంది ఆమె. "'వాడి పేరు నా నోట రాలేదు, ఇక రాదు, మీ వదిన మంచాన ఉంది, నువ్వెళ్లి జామీను పడు' అన్నాడు. ఆయన చేతులు చూడలేకపోయాను. వాచిపోయి ముద్ద కూడా పట్టుకోలేకపోతున్నాడు."

బండాయన లేచి ఆమె వెనకే లోపలికి నడిచాడు.

గుమాస్తా కాగితాలు సర్దాడు. ఆమె అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ సంతకం చేసింది. ఇరవై ఏళ్లు కష్టపడి కట్టుకున్న ఇల్లు, ఆ సంతకంతో అతని పూచీకత్తు కిందికి వచ్చేసింది. రసీదు తిరిగి కొంగున ముడి వేసుకుంటూ, ఎవరూ వినకుండా గొంతు తగ్గించి అడిగింది.

"ఎవడో పోలీసులకి ఫోన్ చేశాడట అన్నయ్యా. వాడికి మేమేం అన్యాయం చేశాం?"

తోలుకుపోతుంటే ఎద్దు వీధి మలుపులో ఆగి వెనక్కి తిరిగి చూసిన చూపు తట్టుకోలేక, కొయ్యకముందే వెళ్లి విడిపించండి బాబూ అని ఆ ఫోన్‌లో ఏడ్చిన బండాయన, గుమాస్తా చూపించిన చోట వేలిముద్ర వేశాడు.